అంతర్వేదిలో మా ఆవిడ పొయ్యి ముట్టలేదు

మా ఊళ్లో సముద్రం చూసొచ్చిన వాళ్లను ఎట్లా ఉందని అడిగితే "మస్తు నీళ్లున్నయ్" అని ఊరుకుంటారు. అంతకంటే నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలని ఇది రాస్తున్నాను. మాది దమ్మపేట దాటి అడవి వైపు పోతే వచ్చే చిన్న ఊరు. నీళ్లంటే మాకు వాన నీళ్లు, బోరు నీళ్లు, ఏడాదికోసారి భద్రాచలంలో గోదావరి. అంతకు మించి నీళ్లతో మాకు పరిచయం లేదు. లేదని తెలుసుకోవడానికే ఇంత దూరం పోవాల్సి వచ్చింది.

నా గురించి ఒక మాట. నేను ఏడో తరగతి తప్పాను. లెక్కల్లో కాదు, హిందీలో. ఇల్లు కట్టుకునే వాళ్లు నన్ను తీసుకుపోయి ఖాళీ జాగాలో నిలబెడతారు. ఎన్ని ఇటుకలు పడతాయో, ఎన్ని బస్తాల సిమెంటు కావాలో, ఎంత ఇసుక తోలించాలో చూపుతోనే చెబుతాను. ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది. చివరికి నాలుగు ఇటుకలు మిగిలితే మిగులుతాయి గానీ తక్కువ పడిందని ఎవరూ ఇంటి మీదికి రాలేదు. అందుకని ఊళ్లో నాకు కొంత మర్యాద ఉంది. ఇంట్లో ఉందా అంటే, చదవండి.

పొయ్యి షరతు

రెండువేల ఐదు ఎండాకాలం. మా ఆవిడ సుగుణ రొట్టె తిప్పుతూ తిప్పుతూ అన్నది:

"ఈసారి సెలవులకు ఎటన్న పోదాం."

"కొత్తగూడెం పోదాం," అన్నాను. ఏటా పోయేది అక్కడికే, మా బామ్మర్ది ఇంటికి.

"గదేం సెలవు? ఈడ నలుగురికి వండుత, ఆడికి పోతే పద్నాలుగు మందికి వండుత. చుట్టాలింటికి పోయిన్నా, హోటల్ల పనికి పోయిన్నా?"

"మరి ఏడికి పోదామంటవ్?"

"నేను పొయ్యి ముట్టని చోటికి. మూడు రోజులు. నీళ్ల ఒడ్డున కాళ్లు చాపుకొని కూసోవాలె. ఒక్క పూట నాతోని వండిపిచ్చినవనుకో, ఇంక నీతోటి బస్టాండ్ దాక కూడ రాను."

గోడకు ఆనుకుని కూర్చున్న మా అమ్మ అందుకుంది. "పొయ్యి ముట్టకపోతే ఆడిదానికి చేతులెందుకే?"

"ముడుసుకొని కూసోనీకి అత్తా," అన్నది సుగుణ. రొట్టె మాడింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె చేతిలో రొట్టె మాడడం నేను చూడలేదు. విషయం గట్టిదేనని అప్పుడు అర్థమైంది.

పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా అమ్మాయి రజిత అట్లాసు తెచ్చింది. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, నేల ముక్కులాగా ముందుకు పొడుచుకుని ఉంది. ఒక పక్క నది, రెండు పక్కల సముద్రం. పేరు అంతర్వేది.

నేను లెక్క వేశాను. మూడు పక్కల నీళ్లుంటే మూడు పక్కల నుంచి గాలి వస్తుంది. ఫ్యాను లేని గది కిరాయికి తీసుకున్నా సరిపోతుంది. పైగా అక్కడున్నది మన గోదావరే, కొత్తది కాదు. భద్రాచలం దగ్గర మనం చూసిన నీళ్లే అక్కడికి పోతున్నాయి. తెలిసిన వాళ్ల ఊరికి పోయినట్టే ఉంటుంది.

"పోదాం," అన్నాను. "మూడు రోజులు నువ్వు పొయ్యి ముట్టవు. అది నా జిమ్మేదారి."

అమ్మ మాత్రం మూటలో ఎండుమిరపకాయల కారం, చింతకాయ తొక్కు కట్టుకుంది. పరాయి ఊరి కూరను ఆమె నమ్మదు.

జంగారెడ్డిగూడెం దాటాక

అశ్వారావుపేట వరకు బస్సులో మా మాటే వినిపించింది. జంగారెడ్డిగూడెం దాటేసరికి అందరూ "అండి" అనడం మొదలుపెట్టారు. కండక్టరు "టికెట్టండి" అంటాడు. టికెట్టు తీసుకున్నాయన "చిల్లరండి" అంటాడు. ఒకాయన కోడిపెట్టను సీటు కిందికి తోస్తూ దానితో కూడా "లోపలికెళ్లండి" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గానీ అమ్మ నిజమనుకుంది.

"కోడిని గూడ గిట్లనే అంటరా?" అని నా చెవిలో అడిగింది.

నల్లజర్ల దగ్గర పెద్దాయన ఒకరు ఎక్కి అమ్మ పక్కన నిలబడ్డారు. "అమ్మగారూ, తమరు కొంచెం జరిగితే నేను కూడా కూర్చుంటానండి," అన్నారు.

అమ్మ ఆయన్ను చూసి చల్లగా నవ్వింది. జరగలేదు. ఆయన మరి రెండుసార్లు అడిగారు. అమ్మ మరి రెండుసార్లు నవ్వింది. చివరికి నేనే లేచి సీటిచ్చాను.

"జరగొచ్చు గదనే," అన్నాను దిగాక.

"గంత మర్యాదగ అడిగిండు. జరుగుమని అనలేదు గద. ‘జరిగితే’ అన్నడు. నేను జరగలే."

మా దిక్కున అయితే "జర జరుగు" అంటారు, జరుగుతాం. మర్యాదకు అలవాటు పడడానికి కూడా టైం పడుతుంది.

నరసాపురం రేవు

నరసాపురంలో ఇళ్ల అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని సూదితో తెల్లదారం అల్లుతుంటారు. లేసు అంటారట. పూలు, ఆకులు, వలలాంటి గుడ్డ వేళ్ల మధ్య నుంచి దిగుతూ ఉంటుంది. సుగుణ ఒక అరుగు ముందు ఆగిపోయింది. లేసును చూడలేదు, వాళ్లు కూర్చున్న తీరును చూసింది.

"పదకొండు గొట్టింది. వీళ్లకు పొయ్యి లేదా?" అన్నది.

అక్కడున్న ఒకామె నవ్వి, "పొయ్యిమీద అన్నం ఉడుకుతోందండి, చేతిలో ఇది ఉడుకుతోంది," అంది.

"పాపం," అన్నది సుగుణ నడుస్తూ. "వాళ్లకు రెండు పొయ్యిలు."

రేవులో గోదావరి దాటడానికి పంటు ఉంది. పంటు అంటే తేలే అరుగు అనుకోండి. మనుషులు, సైకిళ్లు, ఒక లారీ, ఆ లారీ కంటే గంభీరంగా నిలబడ్డ ఒక గేదె, అన్నీ దాని మీదే. మనిషికి రూపాయో రెండో. గేదె టికెట్టు ఎంతో అడుగుదామనుకున్నాను. రజిత చెయ్యి లాగింది.

రేవు ఒడ్డున కొబ్బరికాయలు గుట్టగా పోసి ఉన్నాయి. నేను గుట్ట చుట్టూ ఒకసారి తిరిగాను. అలవాటు. వ్యాపారి చూశాడు.

"ఏమండీ, కొంటారా?"

"కొనను. నాలుగు వేల రెండు వందలు ఉంటయ్ గద?"

ఆయన పంచె సర్దుకుని లేచాడు. "నాలుగు వేల రెండొందల యాభై అండి. పొద్దున్నే లెక్కెట్టించాం. మీరు కొబ్బరి వ్యాపారమా?"

"ఇటుకలు," అన్నాను.

"ఇటుకలాయన కొబ్బరికాయలు చెప్పేడ్రోయ్!" అని కూలీలందరికీ వినిపించేట్టు అరిచి, రెండు కాయలు నా చేతిలో పెట్టాడు. నేను పంటు మీద ఆ రెండు కాయలు పట్టుకుని గేదె పక్కన నిలబడ్డాను. మా ఊళ్లోనే కాదు, గోదావరి జిల్లాలో కూడా మన చూపు చెల్లుతుందని ఛాతీ కొంచెం పొంగింది. జరగబోయేదానికి సగం కారణం ఆ రెండు కాయలే.

బెల్లం పులుసు

అంతర్వేదిలో సత్యవతి గారి ఇంట్లో గది దొరికింది. కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు. గదీ వాళ్లదే, భోజనమూ వాళ్లదే. ఆ మాట వినగానే సుగుణ ముఖం చూడాలి. సంచి మంచం కింద పెట్టి, నేరుగా సముద్రం ఒడ్డుకు నడిచి, తడి ఇసుక మొదలయ్యే చోట కూర్చుని కాళ్లు చాపింది. రెండు గంటలు లేవలేదు. మధ్యలో రజిత పోయి "అమ్మా, ఏం చూస్తున్నవ్?" అని అడిగితే, "ఏం చూస్తలేను. అదే బాగుంది," అన్నదట.

మొదటి భోజనానికి పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, ముక్కల పులుసు. పనసకాయను అంత సన్నగా కొట్టి కూర చేస్తారని మాకు తెలియదు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. అమ్మ పులుసులో వేలు ముంచి నాకింది.

"ఇంట్ల బెల్లమేసిండ్రు."

"కొంచెం వేస్తామండి పెద్దమ్మగారూ, రుచికి," అన్నారు సత్యవతి గారు.

"ఇది పులుసా, పాయసమా?"

"పులుసేనండి."

"మరి పాయసం దేంతోటి చేస్తరు, చింతపండుతోటా?"

సత్యవతి గారు నవ్వేశారు. అమ్మ నవ్వలేదు. తొక్కు, కారం కలుపుకుని తిని లేచింది. రాత్రీ అంతే. మర్నాడు పొద్దున్నా అంతే. పొద్దున్నకు మూట ఖాళీ అయింది. మధ్యాహ్నం కూరలో కొబ్బరి కనబడగానే విస్తరి జరిపేసి, పంచలో తూర్పు ముఖంగా కూర్చుంది. అమ్మ తూర్పు ముఖంగా కూర్చున్నదంటే అలిగినట్టు.

"సుగుణా," అన్నది ఎటో చూస్తూ. "నాలుగు మిరపకాయలు నూరి, ఇంత కోడికూర వండరాదే. ఒక్క పూట."

"అత్తా, నేను సెలవుల ఉన్న."

"అయితే నేను రేపు పొద్దున్నే బస్సెక్కుత. ఆకలితోటి సముద్రం చూస్తే కళ్లు తిరుగుతున్నయ్."

సత్యవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "కోడలుగారూ, పెద్దావిడ పస్తుంటే ఎలాగండీ? పొయ్యి ఖాళీగానే ఉంది, కావాలంటే..."

సుగుణ నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేవాణ్ని. కోపం లేదు. ఎట్లాగూ ఇట్లాగే అవుతుందని ముందే తెలిసిన మనిషి చూపు అది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, లేవబోతూ చెయ్యి నేలకు ఆనించింది.

"కూసో," అన్నాను. "నేను వండుత."

పంచలో అందరూ నన్ను చూశారు. నిజానికి వంట నాకు రాదనే మాట లేదు. మా దిక్కున జాతరలో కోడి కోసి వండేది మగవాళ్లమే. ఇంట్లో రాదు, అంతే. ఇంటి పొయ్యి దగ్గర చేతులాడవు. ఆరుబయట, గాలిలో, ఇసుక మీద అయితే ఆడతాయి.

మూడు ఇటుకల ఎస్టిమేటు

సత్యవతి గారి దగ్గర మూతగిన్నె ఒకటి, మిరపకాయలు, నూనె, పెరట్లో పడి ఉన్న మూడు ఇటుకలు తీసుకున్నాను. నా జన్మలో అతి చిన్న ఎస్టిమేటు అదే. దారిలో ఒక కోడిని కొని కోయించుకుని, ఊరి గుడికి దూరంగా, గోదావరి సముద్రంలో కలిసే వైపు నడిచాం. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు ఆ చోటును. ఒకవైపు నీళ్లు మట్టిరంగు, మరోవైపు పచ్చన. మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. ఆ దగ్గర్లోనే, నది పక్కన, ఒక ఇసుక తిప్ప బయటపడి ఉంది. చదునుగా, శుభ్రంగా, చాప పరిచినట్టు. అక్కడికి పోవడానికి మడమ తడిసేంత నీళ్లు దాటాలి, అంతే.

"నాయినా, ఈడ నీళ్లు రావా?" అని అడిగింది రజిత.

మీకు మా అలవాటు చెప్పాలి. ఏటా నవమికి భద్రాచలం పోయినప్పుడు గోదావరి ఇసుకలోనే పొయ్యి పెట్టి వండుకుంటాం. ఎండాకాలం నది రోజురోజుకూ తగ్గుతుందే తప్ప పెరగదు. పొద్దున ఏ రాయి దగ్గర నీళ్లుంటాయో సాయంత్రానికీ ఆ రాయి దగ్గరే. పెరగాలంటే పైన ఎక్కడో వాన పడాలి. నేను ఆకాశం చూశాను. మబ్బుతునక లేదు.

"మే నెలల గోదారి పెరుగుడు నేను నలభై ఎనిమిదేండ్లల్ల చూడలే," అన్నాను.

ఇటుకలు పెట్టి, కొబ్బరిమట్టలు విరిచి మంట చేశాను. ఉల్లిగడ్డ, అల్లం, కారం, కోడి. అమ్మ పక్కన కూర్చుని "ఇంకింత కారం, ఇంకింత" అంటుంటే అలక సగం దిగిపోయినట్టే కనబడింది. సుగుణ తిప్ప అంచున నీళ్లకు ఎదురుగా కూర్చుని కాళ్లు చాపింది. పొయ్యి వైపు తిరిగి కూడా చూడలేదు.

మేము దాటి వచ్చిన ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి చేతులు ఊపారు. ఎంత కలుపుగోలు జనం అనుకుని నేనూ ఊపాను. వాళ్లు ఇంకా గట్టిగా ఊపారు. నేను గరిటె కింద పెట్టి రెండు చేతులూ ఊపాను. ఒకామె కొంగు తీసి తిప్పింది. గాలి అటు పోతున్నది, మాట వినబడలేదు.

"చూసినవానే అమ్మా, మన దిక్కు ఎవరన్న గిట్ల పలకరిస్తరా?" అన్నాను.

అప్పుడు పొయ్యి సుయ్యిమన్నది.

ఇటుకల కిందికి నీళ్లు వచ్చాయి. కొంచెమే. గిన్నె దించి, ఇటుకలు ఒక గజం వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. గోదావరికి మర్యాదగా ఒక గజం ఇచ్చాను. అది ఇంకో గజం అడిగింది. అదీ ఇచ్చాను. మూడోసారి నేను తలెత్తి నదిని చూశాను. మట్టినీళ్లు కిందికి పోవడం లేదు. పైకి పోతున్నాయి. ఒక కొబ్బరిమట్ట సముద్రం వైపు నుంచి భద్రాచలం వైపుకు తాపీగా ప్రయాణం చేస్తున్నది.

"గోదారి ఎనక్కి నడుస్తుంది!" అన్నాను. ఆ మాట మా అమ్మ ముందు అనాల్సింది కాదు. ఆమె రెండు చేతులూ జోడించింది.

నాలుగో గజానికి తిప్ప లేదు. నేను ఇటుకలు ఏరుకునేలోపు ఒక అల వచ్చింది. పెద్దది కాదు. గిన్నెను ఇసుక మీద నుంచి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తీసుకుపోయింది. మూత బిగుతుగా ఉండడం వల్ల మునగలేదు. కొద్దిగా ఊగుతూ, అప్పటికే లేచి నీళ్లలో నిలబడ్డ సుగుణ ముందుకు నేరుగా పోయింది. ఆమె వంగితే అందుతుంది.

"సుగుణా! పట్టు!"

ఆమె గిన్నెను చూసింది. గిన్నె ఆమెను చూసినట్టే ఉంది.

"అది పొయ్యి మీది గిన్నె," అన్నది. చేతులు ముడుచుకుంది.

గిన్నె దాటిపోయింది.

అప్పుడు లేచింది మా అమ్మ. అరవై ఎనిమిదేళ్ల మనిషి చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని "నా కోడి!" అని కేక వేసి నీళ్లలోకి దిగింది. నాలుగు అడుగులు వేసి కొంగుతో గిన్నెను ఒడిసి పట్టుకుని గుండెకు హత్తుకుంది. ఆ తర్వాత నీళ్లు ఆమెను కూడా కొద్దిగా ఎత్తబోయాయి. నేను ఇటుకలు వదిలేసి పరుగెత్తాను, కానీ నాకంటే ముందు సుగుణ చేరింది. అత్త నడుం చుట్టూ రెండు చేతులు వేసి కదలకుండా నిలబడింది.

"గిన్నె ఇడువు అత్తా!"

"ఇడువ!"

"సరే, గట్టిగ పట్టుకో. నేను నిన్ను పట్టుకుంటున్న." తర్వాత నా వైపు తిరిగి అన్నది: "గిన్నె అత్త చేతిల ఉన్నది. నేను పట్టుకున్నది అత్తను. రాసుకో."

మంగ ఇల్లు

చేతులు ఊపిన ఆడవాళ్లు అప్పటికే నడుముల దాకా నీళ్లలో దిగి వచ్చారు. వరసగా నిలబడి మమ్మల్ని ఒకరి చేతి మీదుగా ఒకరికి అందించుకుంటూ ఒడ్డుకు చేర్చారు. కొంగు తిప్పినామె పేరు మంగ.

"పోటొచ్చేత్తందని ఎంతలా చేతులూపేం బాబూ! తవరు తిరిగి ఊపుతున్నారు!"

"పలకరిస్తున్నరనుకున్న."

"రోజుకి రెండుసార్లొత్తాదండి పోటు. సముద్రం గోదారిని ఎనక్కి తోసేత్తాది. మీ ఊరి గోదారి తొయ్యించుకోదా?"

"మా ఊరి గోదారిని ఎవరూ తొయ్యరు," అన్నది అమ్మ గిన్నె వదలకుండానే.

మంగ ఇల్లు తాటాకుల కప్పు, ముందు ఎండుచేపల తాళ్లు. మూత తీసి కూర రుచి చూసి ఆమె ముఖం చిట్లించింది. మూత బిగుతే గానీ సముద్రం లోపలికి కొంచెం వచ్చే పోయింది. కూరంతా ఉప్పు కషాయం. నా భుజాన ఉన్న సంచిలో రేవు వ్యాపారి ఇచ్చిన కొబ్బరికాయలు ఉన్నాయి. మంగ ఒకటి కొట్టి, కోరి, పాలు పిండి కూరలో పోసింది. పచ్చిమామిడి రెండు ముక్కలు వేసింది. అమ్మ చూస్తూనే ఉంది. కొబ్బరి పడేటప్పుడు కళ్లు మూసుకుంది.

అన్నంలో ఆ కూర పెట్టారు. అమ్మ వేలు ముంచి నాకింది. మేమందరం అన్నం కలపడం ఆపాం. ఆమె ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద తిన్నది. మూడోసారి వడ్డించమని చెయ్యి చాపుతూ మంగను అడిగింది: "పాలు ఎప్పుడు పొయ్యాలె? ఉడికినంకనా, ముందుగాలనా?"

"దించే ముందండి పెద్దమ్మా."

తింటున్నంతసేపూ మంగ సుగుణనే చూసింది. మూడు రోజులు పొయ్యి ముట్టనన్న ఆడమనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదట.

"మా ఆయన నన్నెక్కడికీ తీసుకెళ్లడండి. సముద్రం ఎదురుగుండానే ఉందిగా అంటాడు. రోజూ చూసేది సెలవెలాగవుద్దండి?"

"నువ్వు మా ఊరికి రా," అన్నది సుగుణ వెంటనే. "మాకు సముద్రం లేదు, అడివున్నది. ఎండాకాలం ఇప్పపూల వాసనొస్తది. నువ్వు పొయ్యి ముట్టకుంట మూడు రోజులు కూసో."

"మరి వండేదెవరండి?"

సుగుణ, అమ్మ, రజిత, ముగ్గురూ నావైపు తిరిగారు. నేను అన్నం కలుపుకున్నాను.

గడప

సత్యవతి గారి గిన్నె తిరిగి ఇచ్చాం. ఇటుకలు ఇవ్వలేకపోయాం. మూడూ సముద్రంలో ఉన్నాయి. నా ఎస్టిమేటులో మొదటిసారి తక్కువ పడింది. రెండో కొబ్బరికాయ అమ్మ తన ఖాళీ మూటలో కట్టుకుంది. ఎందుకని అడిగితే "దేవుడికి" అన్నది.

మర్నాడు రాత్రంతా ప్రయాణం చేసి పొద్దునకు ఊరు చేరాం. నేను తాళం తీశాను. అమ్మా రజితా లోపలికి పోయారు. సుగుణ మాత్రం గడప ముందు ఆగి, సంచి అరుగు మీద పెట్టి, దాని పక్కన కూర్చుని కాళ్లు చాపింది.

"ఏంది, లోపలికి రావా?"

"సెలవులు ఎప్పుడైపోతయ్?"

"మూడు రోజులన్నవ్. నిన్ననే అయిపోయినయ్."

"గట్ల కాదు. మొదలైంది గడప దాటినప్పుడు. అయిపోయేది గూడ గడప దాటినప్పుడే గద. నేనింక దాటలే."

ఎటు తిప్పి చూసినా లెక్క సరిగ్గానే ఉంది. అందులో నాకు తప్పు దొరకలేదు. లోపల కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినబడింది. దేవుడి గూటి దగ్గర కాదు, పొయ్యి దగ్గర.

"ఒరే, వచ్చి పొయ్యి అంటియ్యి!" అని పిలిచింది అమ్మ. "పాలు నేను పోస్త."

పొయ్యి ఊదుతుంటే పక్కింటి ఆడవాళ్లు అరుగు దగ్గరికి వచ్చిన సంగతి తెలిసింది. సముద్రం ఎట్లుందని అడుగుతున్నారు. సుగుణ కాళ్లు ఇంకొంచెం చాపింది.

"మస్తు నీళ్లున్నయ్," అన్నది. "వాటంతట అవే వస్తయ్, వాటంతట అవే పోతయ్. బిందె పట్టే పని లేదు."

అంతలో కొట్టం గోడ కట్టుకుంటున్న యాదగిరి వచ్చాడు. వంటింట్లో పొగలో నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అన్నా, గోడకు ఇటుకలు ఎన్ని పడతయో..."

"కూర దించినంక చెప్త," అన్నాను.

"గిన్నె మీద కన్నేసి ఉంచు," అరుగు మీద నుంచి సుగుణ అన్నది. "పోటొస్తది."